మూరెడు తాడు

చినవాల్తేరు, విశాఖపట్నం
24 నవంబరు 2024, ఆదివారం

ప్రియమైన గురునాథరావు బావకి,

ఉమాశంకర్ నమస్కారాలు. రాణి చెల్లెమ్మని మేమిద్దరం అడిగామని చెప్పు. మేమంతా కులాసా, మీరూ కులాసాగా ఉండాలని కోరుకుంటున్నాం అని కామేశ్వరి నేను చెప్పకముందే రాసేసింది. ఉత్తరమంటే అలాగే మొదలవ్వాలట. నేను చెబుతున్నాను, తను రాస్తోంది. ఏటి బావ అంటే ఏమిటి బావా అని రాస్తోంది. గోదావరి జిల్లా పిల్ల కదా, పెళ్ళయి ఇన్నేళ్ళయినా నా యాసని కాగితం ఎక్కనివ్వదు, వేరేవాళ్ళ మాటలైతే ఉన్నవున్నట్టే దించుతుంది. చదివేటప్పుడు నువ్వే నా గొంతులోకి మార్చుకో.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోను నువ్వెత్తవు. వినాయకచవితికి చేస్తే చెల్లెమ్మ ఎత్తి, ఆయన ఇంట్లో లేరన్నయ్యా అంది. వెనకాల నీ దగ్గు వినిపించింది. ఆమె చేత అబద్ధాలు ఆడించకు బావా, ఆమెకి చేతకాదు. వాట్సాప్‌లో నా గొంతు పంపితే నువ్వు విననే లేదని మా పిల్ల నిఖిత చెప్పింది. కాగితమైతే చింపడానికైనా ఒకసారి విప్పుతావని ఆశ.

నాకు స్థిమితం లేదు. అసలు సంగతి అదీ. కూర్చుంటే కాలు ఊగుతుంది. పడుకుంటే పిక్కలు లాగుతాయి. పోర్టు ఆఫీసులో ఫోన్లెత్తే కుర్చీలో కూర్చుని అవతలివాడు మాట్లాడుతుండగానే లేచి నిలబడుతున్నాను, వైరు లాగితే మళ్ళీ కూర్చుంటున్నాను. ఇంటికొస్తే మేడ మీద పిట్టగోడ పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతాను. తిరగడం కాస్తా పరుగవుతుంది. కింద వాటాలో ఇంటి ఓనరు చిట్టమ్మగారు పైకొచ్చి, ఏటి బాబూ, పొద్దత్తమానం రోకలి దంచుతన్నారు, నా బుర్ర పగిలిపోతంది అంది. ఆమె తప్పు లేదు.

ఇదంతా నువ్వు పెట్టిన జబ్బే. క్రేను మీద ఉన్నన్నాళ్ళూ కింద నిలబడి నువ్వు చెయ్యి ఊపితే నేను బరువు దించేవాణ్ణి. కళ్ళు మసకబారి నన్ను క్రేను దింపేశారు. చూపు మొత్తం పోయాక, నేను మంచం దిగడం మానేసిన రోజుల్లో, నువ్వొక మూరెడు తాడు పట్టుకుని ఇంటికొచ్చావు. ఒక చివర నా మణికట్టుకి, రెండో చివర నీ చేతికి చుట్టి, పద బావా అన్నావు. అప్పటిదాకా నాకు తెలిసిన పరుగల్లా బస్సు వెనక పరుగే. పొద్దున్నే బళ్ళు ఆపేసిన బీచ్ రోడ్డు మీద, కుడివైపు సముద్రం, ఎడమవైపు నువ్వు. ఆ కాసేపూ నాకు కళ్ళు లేవన్న సంగతి నా ఒంటికి గుర్తుండేది కాదు.

ఆ బారికేడు ఊసెత్తకూడదనుకున్నాను. ఎత్తకపోతే ఉత్తరం ముందుకి నడవదు. ఎవరో వెనక నుంచి నిన్ను పిలిచారు, నువ్వు తల తిప్పావు, పోలీసులు అడ్డం పెట్టిన ఇనప బారికేడు నాకు తగిలింది, భుజం దగ్గర ఎముక విరిగింది. జరిగింది అంతే. ఎముక అతుక్కుంది. ఆస్పత్రి వరండాలో కామేశ్వరి నిన్నన్న మాటలు లోపల మంచం మీద ఉన్న నాకూ వినిపించాయి. (ఇక్కడ కలం చప్పుడు ఆగింది. రాయమన్నాను. రాస్తోంది.) ఆ సాయంత్రం నా చెప్పులు మంచం కింద సర్దిపెట్టి వెళ్ళిపోయావు. మళ్ళీ రాలేదు. పోర్టులో కాంట్రాక్టు పని కూడా వదిలేసి ఆనందపురం జంక్షన్‌లో మీ మావ ఎరువుల కొట్లో కూర్చున్నావని మన పాత బ్యాచ్ వాళ్ళు చెబితే తెలిసింది. విరిగింది నా ఎముకైతే ఊరు మారింది నువ్వు.

ఇక నిఖిత సంగతి. దాని కోసమే ఈ ఉత్తరం.

నువ్వొచ్చే రోజుల్లో అది గుమ్మం పట్టుకుని వేలాడేది గుర్తుందా. నానూ వత్తాను అంకుల్, నన్నూ తీస్కెళ్ళండి అని. నువ్వు రేపు అనేవాడివి. నేనూ రేపే అనేవాణ్ణి. ఆ రేపు రాకుండానే పరుగాగిపోయింది. ఇప్పుడది మూడో క్లాసు. మాటలు కూడా పెరిగాయి.

దసరా సెలవులైన కొత్తలో ఒక సాయంత్రం దాని స్కూలు బ్యాగు కాలికి తగిలి నేను ముందుకి తూలాను. పడలేదు. పడకపోయినా నోటికొచ్చినట్టు అరిచాను. అది బ్యాగు తీసి పక్కన పెట్టింది. తర్వాత దగ్గరికొచ్చి, నాన్నా, పరిగెట్టొచ్చిన నాన్న మంచోడు, పరిగెట్టని నాన్న తిడతన్నాడు, తాడు నాను పట్టుకుంటాను, పద అంది.

నువ్వు చిన్నపిల్లవి అన్నాను. ఎంతయితే పెద్దపిల్లనవుతాను అంది. నా భుజం దాకా రావాలన్నాను. పీట ఎక్కి నా భుజానికి తల ఆనించి, ఇదిగో వచ్చీసాను అంది.

అక్కడితో వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. పాల బూత్‌కి వెళ్ళాలంటే నా చెయ్యి పట్టుకునేది, కిరాణా కొట్టుకి వెళ్ళాలంటే నా చెయ్యి పట్టుకునేది. నాన్నా పేడ. నాన్నా స్కూటీ మూతి. నాన్నా ఇక్కడ కాలవ మీద పలక కదులుతంది, పెద్ద అంగ వెయ్యి. ఒకరోజు వాళ్ళమ్మ చున్నీ కళ్ళకి కట్టుకుని మేడ మీద పరిగెట్టింది. నీళ్ళ ట్యాంకు గొట్టానికి గుద్దుకుని నుదురు బొప్పి కట్టింది. ఎందుకు చేశావే అంటే, నువ్వెలా పరిగెడతావో సూద్దామని, కళ్ళు మూసుకుంటే గోడలన్నీ మీదకొచ్చేత్తన్నాయి నాన్నా అంది. ఆ బొప్పి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

కామేశ్వరి కాదంటుందనుకున్నాను. కాదనలేదు. నడకే గానీ పరుగు కాదని నా చేత ఒట్టు వేయించుకుని సరే అంది.

అలా కార్తీక మాసం మొదట్లో మేమిద్దరం బయల్దేరాం. నువ్వు పరిగెత్తేటప్పుడు కుడి, ఎడమ, గతుకు, అంతే కదా మాట్లాడేవాడివి. ఈ పిల్ల ఆగని రేడియో. గుర్రం వత్తంది నాన్నా, దాని మీద ఎవరూ లేరు. పెద్దాయన సేతులు గట్టిగా ఊపుకుంటా వత్తన్నారు, ఇటు జరుగు, తగిలితే పళ్ళు రాలతాయి. సముద్రంలో ఓడలు వరసగా ఆగిపోయి ఉన్నాయి, ఎందుకు లోపలికి రావట్లేదు అని అడిగింది. హార్బరులో చోటు దొరికేదాకా బయటే ఆగాలమ్మా అన్నాను. పాపం వాటికీ కాళ్ళు లాగుతాయేమో అంది. రోజూ అవే నీళ్ళ పక్కన పరిగెట్టాం నువ్వూ నేనూ, ఎన్ని ఓడలు ఆగి ఉన్నాయో నువ్వెప్పుడైనా చెప్పావా?

నడక బాగానే ఉంది. అదే చిక్కు. నడిచినకొద్దీ నా కాళ్ళు పరుగు అడుగుతున్నాయి. పక్కనుంచి పరిగెత్తేవాళ్ళు దాటిపోతుంటే, వాళ్ళ బూట్ల చప్పుడుకి నా అడుగు దానంతటదే సాగేది. నిఖిత తాడు వెనక్కి లాగి, అమ్మకి ఒట్టేశావు నాన్నా అనేది. నేను ఆగేవాణ్ణి. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చున్నా మోకాలు ఊగుతూనే ఉండేది.

మొన్న గురువారం ఒట్టు తప్పాను.

ముందు మూడు రోజులు అల్పపీడనం. వాన, ఈదురుగాలి, ఇంట్లోంచి కదల్లేదు. గురువారం తెరిపిచ్చింది. రోడ్డు కడిగినట్టుంది, గాలి చల్లగా వెనక నుంచి తోస్తోంది. సబ్‌మెరైన్ మ్యూజియం దాటాక పెద్ద అంగలు వేశాను. నిఖిత ఏమీ అనలేదు. చిన్నగా పరుగందుకున్నాను. అది కిలకిల నవ్వి, ఇంకా జోరుగా నాన్నా అంది. నా కాళ్ళకి ఆ మాట చాలు.

కాసేపు రేడియో నడిచింది. తర్వాత మాటలు తగ్గాయి. తర్వాత కుడి, ఎడమ మాత్రమే. అబ్బో, గురునాథరావంకుల్ లాగా తయారైందే అనుకున్నాను. దారి మీద ధ్యాస పెట్టిందనుకున్నాను గానీ పిల్లకి ఊపిరందడం లేదని నా బుర్రకి తట్టలేదు. తట్టలేదో, తట్టనివ్వలేదో. తాడు ఒక్కసారి బిగిసింది, గుంజుకుంది, తర్వాత వట్టి తాడు నా మణికట్టుకి కొట్టుకుంటోంది.

వదిలేసిందని తెలిసింది. ఆగాలి. నేను ఆగలేదు బావా.

ఎంత దూరమో చెప్పలేను. కుడివైపు అలల చప్పుడు ఉంది, దాన్ని పట్టుకుని తిన్నగా పోయాను. చేతులు రెండూ నావే, కాళ్ళు రెండూ నావే. చుట్టూ జనం ఉన్నారు, మాటలు అటొకటి ఇటొకటి జారిపోతున్నాయి, ఒక్క భుజమూ నాకు తగల్లేదు. రోడ్డంతా నా పేర రాసిచ్చినట్టుంది. నాకు నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను కూడా. చూపు పోయాక ఎవరి చెయ్యీ లేకుండా, ఏ గోడా పట్టుకోకుండా ఒక్కణ్ణీ అలా వెళ్ళడం అదే మొదలు. ఆ సంగతి నీకు కాకపోతే ఎవరికి చెప్పుకుంటాను?

అప్పుడు వెనకెక్కడో నాన్నా అన్న కేక. ఒకే ఒక్కసారి.

కాళ్ళు కట్టేసినట్టు ఆగిపోయాను. ఆగాక భయమేసింది. సముద్రాన్ని ఎడమవైపుకి తెచ్చుకుని, పిలుచుకుంటూ వెనక్కి నడిచాను. ఇక్కడున్నాను నాన్నా అంది. రోడ్డు అంచున కూర్చుని ఉంది. ఎవరో ఒకావిడ పక్కన నిలబడి, ఏం బాబూ, చిన్నపిల్లని అలా లాక్కుపోతారా అంటోంది. తడిమి చూస్తే పిల్ల మోకాళ్ళు రెండూ తడి.

సారీ నాన్నా, నాను వదల్లేదు, తాడే జారిపోయింది, ఇంకెప్పుడూ వదల్ను అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఎనిమిదేళ్ళ పిల్ల బావా. అలిసిపోయానని చెప్పొచ్చు, కాళ్ళు నొప్పని చెప్పొచ్చు, ఎత్తుకోమని మారాం చెయ్యొచ్చు. ఏదీ చెయ్యలేదు. నాన్నకి కళ్ళు లేవు గనక తను పడిపోకూడదనుకుంది. పడిపోతే అది తన తప్పనుకుంది. నేనేమో వెనక్కి కూడా తిరక్కుండా నవ్వుకుంటూ పోయాను.

వీపు మీద ఎక్కించుకుని ఇంటికొచ్చాను. దారంతా అదే, కుడికి నాన్నా, మెట్టు నాన్నా. ఇంట్లో కామేశ్వరి నాలుగు పెడుతుందనుకున్నాను. పెట్టినా పడేవాణ్ణి. మోకాళ్ళు కడిగి మందు రాసింది, అంతే.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి గుమ్మం దగ్గర బూట్ల టపటప. కట్లు కట్టిన మోకాళ్ళతో తయారై నిలబడి ఉంది. ఇంక వద్దమ్మా అన్నాను. ఎందుకు వద్దు, మళ్ళీ వదిలేత్తానని భయమా అంది. కాదన్నాను. నమ్మలేదు. అప్పటినుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇంట్లో కూడా బూట్లు విప్పడం లేదు. నేను ఈ గదిలో ఊగుతుంటే అది ఆ గదిలో గెంతుతోంది. మా ఇద్దరి మధ్య కామేశ్వరికి పిచ్చెక్కేలా ఉంది.

దానికి పరుగు కావాలి బావా. వద్దనే హక్కు నాకు లేదు. కానీ నా కళ్ళ పని దానిది కాదు. అది పరిగెత్తాలనుకున్నప్పుడు పరిగెత్తాలి, గుర్రం కనబడితే ఆగిపోవాలి, అలిసిపోతే కూలబడి ఇంక రాను పో అనాలి. అలా అనాలంటే నా తాడు వేరే చేతిలో ఉండాలి.

ఆ చెయ్యి నీది. బీచ్‌లో పరిగెత్తే కుర్రాళ్ళు మేం వస్తామంటున్నారు, మంచివాళ్ళే. నాకు వాళ్ళ అడుగు తెలియదు, నీ అడుగు తెలుసు. ఎముక బాకీ తీర్చడానికైతే రావద్దు, అలాంటి బాకీ ఏమీ లేదు. నువ్వు తల తిప్పిన క్షణం కంటే నేను తెలిసి తెలిసి ఆగని ఆ కాసేపు పెద్దది. దానికే నా కూతురు నాకు సారీ చెప్పింది. నువ్వు ఇన్నాళ్ళు మొహం చాటేస్తే ఎలా?

రోజూ వద్దు. ఆదివారాలు చాలు. తెల్లారగట్లే ఆనందపురం నుంచి బస్సులుంటాయి. మద్దిలపాలెంలో దిగు, నేనూ నిఖితా వచ్చి నిలబడతాం. రాలేనంటే ఫోనెత్తి ఆ మాటే చెప్పు. నీ దగ్గు కాకుండా నీ మాట వినిపిస్తే అదీ మేలే.

ఇట్లు,
నీ రాక కోసం కుదురు లేకుండా ఎదురుచూసే బావ,
ఉమాశంకర్

తా.క.

అన్నయ్య గారికి కామేశ్వరి నమస్కారాలండి. ఇక్కణ్ణుంచి నా మాటలు. ఆయనకి తెలియవు, తెలియనివ్వకండి.

నడకేనని ఒట్టు వేయించుకుని సరే అన్నాను గానీ, వాళ్ళిద్దరినీ అలా వదిలేసి పొయ్యి దగ్గర కూర్చోవడం నా వల్ల కాలేదు. వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే తలుపుకి తాళం వేసి నేనూ బయల్దేరేదాన్ని. నా చెప్పుల చప్పుడు ఆయన వీధి చివర నుంచే పట్టేస్తారండి, అందుకని చెప్పులు చేత్తో పట్టుకుని ఉత్త కాళ్ళతో వెనకాలే వెళ్ళేదాన్ని. వాళ్ళు ఇంటిదారి పట్టగానే పక్క సందులో ఆటో ఎక్కి ముందే వచ్చేసేదాన్ని. మొదటి రోజు నుంచీ అంతే.

గురువారం ఆయన పరుగందుకుంటే నేనూ పరుగందుకున్నాను. నా చిన్నప్పుడు స్కూల్లో కూడా నేనలా పరిగెత్తలేదు. పిల్ల పడిపోయింది. నేను దాని దగ్గరికి వెళ్ళేసరికి నన్ను చూసి ఆశ్చర్యం కూడా పోలేదండి, అమ్మా, నాన్న వెళ్ళిపోతన్నాడు అని చేత్తో చూపించింది. మోకాళ్ళ నుంచి రక్తం కారుతుంటే కన్నపిల్లని రోడ్డు మీద వదిలేసి ఆయన కోసం పరిగెత్తాను. ఎవరో ఒకావిడ పిల్ల దగ్గర ఆగింది, ఆవిడ చల్లగా ఉండాలి.

ఆయన్ని దాటి ముందుకి వెళ్ళాను. ఎదురొచ్చే వాళ్ళకి చేతులు జోడించాను, పక్కకి జరగమని కళ్ళతో బతిమాలుకున్నాను, నోరెత్తలేదు. ఒకాయన దారి మధ్యలో కుర్చీ వేసుకుని ఆసనాలు వేస్తున్నాడు, కుర్చీతో సహా జరిపాను. రోడ్డంతా తన పేర రాసిచ్చినట్టుందన్నారు చూడండి, ఆ మాట రాస్తూ కాగితం వదిలి ఆయన వైపే చూశాను. అక్షరం వంకరపోయి ఉంటుంది.

ఆపొచ్చు. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉన్నాను. వెనక్కి తిరిగి ఆయన ముఖం చూశాను. పెళ్ళిలో కూడా ఆ ముఖం నేను చూడలేదండి. ఆపలేకపోయాను. బళ్ళు తిరిగే చోటు దగ్గరికొచ్చేస్తోంది, ఇక పిలవక తప్పదని నోరు తెరిచాను. అంతలో కుంటుకుంటూ వెనకే వచ్చిన పిల్ల కేక వేసింది. ఆయన వెనక్కి తిరిగి వెళుతుంటే, ఆయన వెనకాల నిలబడి దానికి నోటి మీద వేలు వేసి చూపించాను. ఈ రోజు వరకూ అది నోరు విప్పలేదు.

ఆస్పత్రిలో, కళ్ళుండీ ఏం చేస్తున్నారండీ అని మిమ్మల్ని అన్నాను. నాకూ రెండు కళ్ళున్నాయి. ఒకటి పిల్ల మీదా ఒకటి ఆయన మీదా పెట్టడం ఆ రోజు నాకు చేతకాలేదు. అన్నమాట వెనక్కి తీసుకునే దారి తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. మీరు రండి. తాడు మీరు పట్టుకుంటే నేను పిల్ల పక్కన, చెప్పులు వేసుకుని, అందరికీ వినపడేలా పరిగెడతాను.

ఒంటరిగా పరిగెత్తాననే అనుకోనివ్వండి ఆయన్ని. ఇంకా ఎంతసేపు రాస్తావు, అయిపోలేదా అని అడుగుతున్నారు. అడ్రసు రాస్తున్నానని చెప్పాను. మొత్తం ఒకసారి చదివి వినిపించమంటున్నారు. ఆయన సంతకం దాకా చదువుతాను.